పదో డోసు

నన్ను శిక్షణ తరగతులకు పిలిచినప్పుడల్లా, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు పోలియో చుక్కల రోజుల గురించే అడుగుతారు. నేనూ మీసం మెలేసి చెబుతాను. అచ్చంపేట అవతల అడవిలోని పెంటలనే చెంచు గూడేలకు టీకాల డబ్బా నెత్తిన పెట్టుకొని నడిచిపోయిన సంగతి, వాగులో కాలు జారి నేను నిండా మునిగినా డబ్బా తడవని సంగతి. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ రోజు ఇంటికొచ్చాక నాకు అన్నం సయించదు. చెప్పాల్సిన సంగతి అది కాదని నాకు తెలుసు.

ఇదిగో, ఇవాళ అది చెబుతున్నాను. నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. చివరిదాకా చదివి తిట్టుకోండి.

నేను ఫార్మసిస్టుని. మాది చిట్యాల దగ్గర పల్లె అయినా ఉద్యోగమంతా పాలమూరు వైపే గడిచింది. మందుల స్టోరు, టీకాల ఫ్రిజ్ రెండూ నా తాళాల గుత్తిలోనే ఉండేవి. పోలియో చుక్కలు వేడికి పాడైపోతాయి కనుక ఆ రోజుల్లో మాకు నూరిపోసింది ఒకటే మాట. ఐసు, ఐసు, ఇంకా ఐసు. కరెంటు పోయినా, జీపు చెడిపోయినా నా డబ్బాలో మాత్రం ఐసు కరిగేది కాదు. అందరూ నన్ను ఐసుగడ్డ సారు అనేవాళ్లు. ఆ పేరు వింటే ఎంత మురిసిపోయేవాణ్నో! మనిషికి ఒక పని బాగా వచ్చిందంటే ప్రపంచంలోని పనులన్నీ దానితోనే చక్కబెట్టొచ్చు అనుకుంటాడు. నా జబ్బు సరిగ్గా అదే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నన్ను ఒక పట్టణంలోని సర్కారు దవాఖానకు మార్చారు. ఊరి పేరు చెప్పను. అక్కడి సూపరింటెండెంట్ ఒక లేడీ డాక్టరు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె వచ్చిన నెలలోనే, దవాఖానలో ఎవరికి హెపటైటిస్ బి టీకా పడింది, ఎవరికి పడలేదు అని లెక్క తీయించింది. డాక్టర్లకు, నర్సులకు చదువుకునే రోజుల్లోనే పడింది. పడనిది పది మందికి. ఊడ్చి, తుడిచి, రక్తం గుడ్డలూ వాడిన సూదులూ ఎత్తే కాంట్రాక్టు ఆడవాళ్లు తొమ్మిది మంది. పదోవాణ్ని నేను.

"ఇక్కడ సూదులతో అందరికంటే ఎక్కువ పని ఎవరిది?" అని అడిగింది మేడం.

"డాక్టర్లది, నర్సులది" అన్నాను.

"మనం ఒక్కసారి పొడిచి పడేస్తాం. ఆ తర్వాత అవి వాళ్ల చేతుల్లోనే ఉంటాయి" అంది. నాకు అంతవరకు ఆ ఆలోచనే రాలేదు.

హెపటైటిస్ బి రక్తం ద్వారా అంటుకునే కామెర్ల జబ్బు. కొందరిలో అది ఏళ్ల తరబడి లోపలే ఉండి కాలేయాన్ని తినేస్తుంది. టీకా మూడు విడతలు. ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. అంతే.

ఆ తొమ్మిది మందిలో పెద్దామెను అందరూ అక్క అనేవాళ్లు. నేనూ అక్కనే అనేవాణ్ని. నలభై దాటి ఉంటాయి. గొర్రెల కాపరుల ఇంటి ఆడపడుచు. భర్త పోయాడు. ఒక్కతే బిడ్డ, గురుకులంలో చదువుతోంది. అక్క ఊ అంటే మిగతా ఎనిమిది మందీ ఊ అన్నట్టే. అక్క ఊహూ అంది.

"మా తమ్ముడు కామెర్లతోనే పాయె సారు. పసరు తాపిచ్చినం, చేతికి సురుకు వెట్టిచ్చినం, దక్కలే. ఇప్పుడు గా కామెర్లనే సూదిల వెట్టి నాకెక్కిస్తరా? నేనేం పాపం జేసిన?"

"అండ్ల కామెర్ల పురుగు లేదక్కా. మీ గొర్లకాడి కుక్కకు తోడేలు తోలు ముక్క వాసన జూపెట్టినవనుకో. గా తోలు ముక్క గొర్రెను కరుస్తదా?"

"తోలెట్ల కరుస్తది?"

"గంతే. రేపు అసలు తోడేలు వస్తే కుక్క వాసన వట్టి మీదికి దుంకుతది. గీ సూది గా తోలు ముక్క అసొంటిదే. దీంతోటి కామెర్లు రావు."

"మరి పెద్దోళ్లకేస్తే ఏం గాదా?"

"ఏం గాదు. చెయ్యి జర నొస్తది. కొందరికి ఒళ్లు వెచ్చవడ్తది. రెండు దినాలల్ల పోతది. ఎన్నడన్న ఎవలకన్న పడకుంటే చూసుకునేటందుకే సూది కాంగనే జరసేపు ఇక్కడ కూసోవెడ్తం."

అక్క నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వేసుకున్నవా?"

దొరికిపోయాను. "లేదు" అన్నాను.

"ముందుగాల నువ్వేసుకో. నీకేం గాకుంటే అప్పుడు జూస్తం మేము."

అలా ఒప్పందం కుదిరింది. పది డోసుల సీసా ఒకటి మా పది మందికి సరిగ్గా సరిపోతుంది. మూడు విడతలకు మూడు సీసాలు. నేనే పాలమూరు పోయి ఒకేసారి తెస్తానన్నాను.

ఇక్కడ మీకు ఒక్క పని సంగతి చెప్పాలి. ఈ టీకా పోలియో చుక్కల వంటిది కాదు. దీనికి చల్లదనం కావాలి గానీ గడ్డకట్టకూడదు. ఒక్కసారి గడ్డకట్టిందా, మళ్లీ కరిగినా అందులో పస ఉండదు. అందుకే ఐస్ ప్యాకులను ఫ్రీజర్‌లోంచి తీసి బయట పెట్టాలి. అవి చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడే దాకా ఆగాలి. ఆ తర్వాతే డబ్బాలో పెట్టాలి. ఇది నాకు తెలియదా? పరీక్ష పెడితే నూటికి నూరు తెచ్చుకునేవాణ్ని.

మే నెల. బయట నిప్పులు కురుస్తున్నాయి. బస్సు టైమవుతోంది. పాలమూరు స్టోరులో ఉన్న కుర్ర ఉద్యోగి "సార్, ప్యాకులు జరసేపు బయట పెట్టిపోండి" అన్నాడు కూడా. "నీకు మీసాలు రాకముందునుంచి మోస్తున్న ఈ డబ్బా" అని వాడి నోరు మూయించి, రాళ్లలాంటి ప్యాకులు నాలుగూ పెట్టి, నడుమ సీసాలు పెట్టి, మూత బిగించాను.

దవాఖానకు వచ్చి మూత తీస్తే సీసాల మీది కాగితాలు ఐసుకు అంటుకుపోయి ఉన్నాయి. ఒక సీసా వంచాను. లోపల ఏదో గడ్డలాంటిది కదిలినట్టు అనిపించింది. సీసా మీద చిన్న గుర్తు ఉంటుంది, వేడి తగిలితే నల్లబడుతుంది. అది తెల్లగానే ఉంది. చలి సంగతి ఆ గుర్తు చెప్పదు. అదీ నాకు తెలుసు. అయినా గుర్తు బాగానే ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అరచేతుల మధ్య కాసేపు పెట్టుకొని ఫ్రిజ్‌లో సర్దేశాను. ఇంత ఎండలో ఇంత చల్లగా ఎవడు తెస్తాడు అని ఛాయ్ తాగుతూ గొప్పలు కూడా పోయాను. సిగ్గులేని ముండాకొడుకుని.

మర్నాడు అందరి ముందు చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాను. నర్సమ్మ సూది వేసింది. తొమ్మిది మందీ నా భుజాన్నే చూస్తున్నారు, అక్కడినుంచి పాము బయటికొస్తుందేమో అన్నట్టు. ఏమీ రాలేదు. మరో రోజు ఆగి, నా కళ్లు పచ్చబడలేదని రెప్పలు విప్పి చూసుకొని మరీ అక్క తన మందను తోలుకొచ్చింది. ఆరు నెలల్లో మూడు విడతలూ పూర్తయ్యాయి. ఎవరికీ చెయ్యి నొప్పి తప్ప ఏమీ కాలేదు. రిజిస్టరులో పది పేర్ల ఎదుట మూడేసి తేదీలు, కింద నా సంతకం. మేడం నన్ను మెచ్చుకుంది.

తరువాతి ఏడు ఒక శిక్షణకు పోయాను. చెప్పే అమ్మాయి నా బిడ్డ వయసుది. రెండు సీసాలు తెచ్చింది. ఒకటి కావాలని గడ్డకట్టించి కరిగించినది, ఒకటి మంచిది. రెండింటినీ ఊపి బల్ల మీద పెట్టింది. మంచిది పలుచని పాలలా అట్లాగే నిలిచింది. రెండో దాంట్లో తెల్లటి పలుకులు చకచకా అడుగుకు దిగిపోయాయి. నేను తెచ్చిన సీసాల అడుగున కూడా అవే ఉండేవి. నర్సమ్మ అడిగితే "ఊపి వెయ్యమ్మా" అన్నది నేనే.

"ఎవరైనా ఎప్పుడైనా గడ్డకట్టిన సీసా వాడారా? నిజం చెప్పండి" అని అడిగింది ఆ అమ్మాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. నా చెయ్యి నాకు తెలియకుండానే ఎడమ భుజం మీదికి పోయింది. సూది పడింది అక్కడే. నోరు మాత్రం తెరవలేదు.

ఇప్పుడు అసలు పాపం వినండి. ఇంతవరకు చెప్పింది పొరపాటు.

ఆ ఆదివారమే హైదరాబాదు పోయి ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం ఇచ్చాను. టీకా పనిచేసిందో లేదో చెప్పే పరీక్ష అది. నా ఒంట్లో రక్షణ ఏమీ లేదని వచ్చింది. అక్కడే ఒక క్లినిక్కులో మళ్లీ మూడు విడతలు వేయించుకున్నాను. మా ఆవిడకు చుట్టాల ఇల్లని చెప్పి పోయేవాణ్ని. ఒక్కణ్నే. తొమ్మిది మందిలో ఒక్కరికి కూడా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? సాకులకేం కరువు? ఆ సూది వల్ల వాళ్లకు హాని జరగలేదు కదా అనుకున్నాను. నిజమే, గడ్డకట్టిన టీకా విషం కాదు, ఉత్త నీళ్లతో సమానం. చెబితే వాళ్లకు టీకాల మీదే నమ్మకం పోతుంది అనుకున్నాను. ఇది ఇంకా గట్టి సాకు, ఎందుకంటే ఇందులోనూ కొంత నిజం ఉంది. అసలు సంగతి ఏమిటంటే, నాకు రిటైర్మెంటు దగ్గర పడింది. ఐసుగడ్డ సారు ఐసుతోనే చెడగొట్టాడు అని జనం నవ్వితే నేను తట్టుకోలేను. నా పేరు కాపాడుకోవడానికి తొమ్మిది మంది ప్రాణాలు గాలికి వదిలాను. తేలు కుట్టిన దొంగలా రెండేళ్లు తిరిగాను.

ఒకరోజు పొద్దున వార్డు వైపు గోల వినబడింది. పోయి చూస్తే అక్క నల్లా కింద చెయ్యి పెట్టి కడుక్కుంటోంది. చెత్త సంచి ముడి వేస్తుంటే ఎవరో సంచిలో పడేసిన సూది గ్లౌజును చీల్చుకొని బొటనవేలిలో దిగింది. ఆ సంచి పెట్టిన మంచం మీది రోగికి హెపటైటిస్ బి ఉన్నట్టు కేసు షీటు మీదే రాసి ఉంది.

డ్యూటీ డాక్టరు కుర్రాడు, భయపడిపోయి రిజిస్టరు తెప్పించాడు. వేలితో వరుస వెంట పోయి, మూడు తేదీలూ చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "మూడు విడతలూ పడ్డాయమ్మా. మీకు భయం లేదు" అన్నాడు. ఆయన తప్పేం లేదు. నా సంతకాన్ని నమ్మాడు.

టీకా పనిచేయని మనిషికి ఇలా జరిగితే వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్ ఒకటి వేరే ఉంటుంది. ఒక రోజు లోపల పడితే మంచిది. ఆలస్యమయ్యే కొద్దీ దాని బలం తగ్గుతుంది. అది నాకు తెలుసు. నా మొహంలో ఏం కనబడిందో గానీ అక్క నన్నే ఓదార్చడం మొదలుపెట్టింది.

"ఏంది సారు, సూది నాకు గుచ్చుకుంటే నువ్వు గట్ల జేస్తున్నవ్? ఫికర్ జెయ్యకు. నువ్వేసుకున్న సూదే గద మాకేపిచ్చినవ్. నీకెట్లనో మాకట్లనే."

నేను స్టోరులోకి పోయి తలుపు దగ్గరికి వేసుకొని కూర్చున్నాను. తొమ్మిదిన్నర. పది. పదకొండు. మందుల డబ్బాలు లెక్కపెట్టినట్టు నటించాను, ఎవరూ చూడకపోయినా. పన్నెండు దాటాక కిటికీలోంచి చూస్తే అక్క ఆ బొటనవేలికి గుడ్డ చుట్టుకొని మళ్లీ అవే సంచులు ఈడ్చుకుపోతోంది. ఏదో పాట కూడా పాడుకుంటోంది. ఆ పాట నన్ను కూర్చోనివ్వలేదు.

మేడం గదిలోకి పోయి నిలబడ్డాను. "మేడం, వాళ్లకు వేసిన సీసాలు గడ్డకట్టినవి. పాలమూరు నుంచి తెచ్చేటప్పుడు నేనే చెడగొట్టాను" అన్నాను.

ఆమె కలం పక్కన పెట్టింది. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండేళ్లయింది."

మళ్లీ అడిగింది, "మీరూ వాళ్లతోపాటే వేసుకున్నారు కదా. మీరు మళ్లీ వేయించుకున్నారా?"

ఆ ప్రశ్న రాకూడదని దారి పొడుగునా మొక్కుకుంటూ వచ్చాను. "వేయించుకున్నాను" అన్నాను.

వెనక చప్పుడైంది. గది తుడవడానికి వచ్చిన అక్క గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. నేను కాళ్లు పట్టుకుంటానేమో అని ఒకడుగు వెనక్కి వేసింది.

"అంటే కుక్క వాసన వట్టలేదన్నట్టేనా సారు?" అని మెల్లగా అడిగింది.

"పట్టలేదక్కా."

"నీది వట్టింది."

"పట్టింది."

"అయితే నీదొక సూది, మాదొక సూది" అంది. అరిస్తే బాగుండేది. చెప్పు తీసుకొని కొట్టినా బాగుండేది. చీపురు గోడకు ఆనించి, "నా బిడ్డ ఇంక పదోది గూడ గాలే సారు" అని మాత్రం అంది.

మేడం నాలుగు చోట్లకు ఫోన్లు చేస్తే, ఆ ఇంజెక్షన్ పాలమూరులో ఒక మందుల షాపులో ఉందన్నారు. "మీరే పోయి తెండి" అంది నాతో. ఎందుకు నన్నే పంపిందో ఆనాడు నాకు అర్థం కాలేదు. అంబులెన్సులో పోయాను. అదీ గడ్డకట్టకూడని మందే. షాపువాడు ఫ్రీజర్‌లోంచి ఐస్ ప్యాకులు తీసి ఇచ్చాడు. డ్రైవరు బండి స్టార్టు చేసి "జల్ది రా సార్, ఏం జేస్తున్నవ్?" అని హారన్ కొడుతున్నాడు. నేను షాపు అరుగు మీద కూర్చొని ప్యాకులను ఎండలో వరుసగా పెట్టాను. ఒక్కోదాన్నీ తీసి చెవి దగ్గర ఊపాను. చప్పుడు లేదు. మళ్లీ పెట్టాను. అక్కడ మనిషికి టైము అయిపోతోంది, ఇక్కడ నేను ఐసు కరగడం కోసం ఎదురు చూస్తున్నాను. నా బతుకులో అంత పొడుగాటి అరగంట లేదు. కళ్లవెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండా అట్లాగే కూర్చున్నాను. చివరికి నాలుగింటిలోనూ నీళ్లు కదిలాయి.

పొద్దు గూకకముందే అక్కకు ఇంజెక్షన్ పడింది. రెండో చేతికి కొత్త టీకా మొదటి విడత కూడా వేశారు. వేసేటప్పుడు నన్ను బయట ఉండమన్నారు, ఉన్నాను.

ఆ తర్వాత నాకు మెమో వచ్చింది. జవాబులో ఉన్నది ఉన్నట్టు రాశాను. అదేం పెద్ద సంగతి కాదు. మిగతా ఎనిమిది మందిని కూర్చోబెట్టి మేడం నా చేతే అంతా చెప్పించింది. వాళ్లు టీకా అంటే పారిపోతారని రెండేళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను కదా. ఒక్కరూ పారిపోలేదు. "సూది మంచిదే గద మేడం, తెచ్చినోడే మంచిగ తేలే" అంది అక్క. అంతే, అందరూ మళ్లీ వేయించుకోవడానికి ఒప్పుకున్నారు. ఒక్క షరతు పెట్టారు. సీసా ముందు వాళ్లకు చూపాలి.

అట్లా ప్రతి విడతకూ సీసా ఊపి బల్ల మీద పెట్టేవాళ్లు. తొమ్మిది మందీ చుట్టూ నిలబడి అడుగుకు ఏమైనా దిగుతోందా అని చూసేవాళ్లు. ఆ దవాఖానలో ఆ పరీక్ష అక్క కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆరు నెలలకు అక్క రక్తం పరీక్ష చేస్తే జబ్బు అంటలేదని వచ్చింది. నేను స్టోరులో నేల మీద కూలబడి ఏడ్చాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, చెప్పే మొహం లేదు.

చివరి విడత నా రిటైర్మెంటుకు వారం ముందు పడింది. తొమ్మిది మందికీ వేశాక నర్సమ్మ సీసా ఎత్తి చూసి, "ఇంకొక్క డోసు ఉంది" అంది.

"పదోది గా సారుది" అంది అక్క, నా వైపు చూడకుండా.

"నాకు పడినయి గదక్కా" అన్నాను.

"ఎరుకే. యాడ వడ్డయో, ఎప్పుడు వడ్డయో గూడ ఎరుకే. గీ సీసలకెల్లి వడలే గద."

నర్సమ్మ మేడం వైపు చూసింది. "ఒకటి ఎక్కువ పడితే హాని ఏం లేదు, వెయ్యండి" అంది మేడం. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి ఆ స్టూలు మీదే కూర్చున్నాను. మొదటిసారి తొమ్మిది మందీ నా భుజం వైపే చూశారు. ఈసారి ఎవరి సంచి వాళ్లు తీసుకొని పనిలోకి పోయారు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.